పేరుకు లెక్క కట్టని విలీనం

14,59,434 కోట్ల రూపాయలు. యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, ఆంధ్రాబ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు కలిస్తే మొత్తం వ్యాపారం ఇంతవుతుందని 2019 ఆగస్టు 30న కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఆ రోజు విడుదల చేసిన పట్టికలో డిపాజిట్లకు, అప్పులకు, శాఖలకు, సిబ్బందికి, మొండిబకాయిలకు తలా ఒక వరుస ఉంది. తెలుగు ఖాతాదారులు ఆ రాత్రి నుంచే అడగడం మొదలుపెట్టిన ప్రశ్నకు మాత్రం అందులో చోటు లేదు. ఇంతకీ మన బ్యాంకు పేరు ఉంటుందా, పోతుందా?

ఏడు నెలల తర్వాత, 2020 ఏప్రిల్ 1న, పోయింది. అప్పటికి లాక్‌డౌన్ మొదలై వారం. జనం గడప దాటలేని రోజుల్లో, 96 ఏళ్ల నాలుగు నెలల వయసున్న సంస్థ కాగితాల మీద ఇంకో సంస్థలో కలిసిపోయింది.

ఆ ఏడు నెలల్లో ఖాతాదారులు, ఉద్యోగ సంఘాలు, ప్రజాప్రతినిధులు చాలా గట్టిగానే మాట్లాడారు. 2019 అక్టోబరు 22న విలీనాలకు వ్యతిరేకంగా దేశవ్యాప్తంగా బ్యాంకు ఉద్యోగుల సమ్మె జరిగింది. విలీనం తప్పదంటే కనీసం పేరైనా ఉంచండి అన్న విన్నపాలు ఢిల్లీకి వెళ్లాయి. వీటన్నిటినీ 'సెంటిమెంటు' అని పక్కన పెట్టేశారు. ప్రభుత్వం ఆ రోజు ఇచ్చిన అంకెలనే మళ్లీ చదివితే ఖాతాదారుల వాదన అంత తేలిగ్గా తీసేయదగ్గది కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. అందుకే ఈ లెక్క.

లక్ష రూపాయలతో మొదలు

భోగరాజు పట్టాభి సీతారామయ్య వృత్తిరీత్యా డాక్టరు. బందరులో వైద్యం చేస్తూ కాంగ్రెసు ఉద్యమంలోకి వెళ్లారు. 1923 నవంబరు 20న ఆయన ఆంధ్రాబ్యాంకును రిజిస్టరు చేయించారు. నవంబరు 28న మచిలీపట్నంలో లావాదేవీలు మొదలయ్యాయి. అధీకృత మూలధనం 10 లక్షలు, చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం అన్నది ఒక కోరిక మాత్రమే. కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. రాష్ట్రం 1953 అక్టోబరు 1న వచ్చింది. అంటే ఆ పేరు రాష్ట్రానికి రావడానికి దాదాపు 30 ఏళ్ల ముందే బందరులో ఒక బ్యాంకు గుమ్మం మీద ఉంది. జనం దాన్ని 'మన బ్యాంకు' అనుకోవడం అక్కడ మొదలైంది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రిజిస్టర్డ్ ఆఫీసు హైదరాబాదు సుల్తాన్‌బజారుకు వచ్చింది. 1980 ఏప్రిల్ 15న రెండో విడతగా జాతీయం చేసిన ఆరు బ్యాంకుల్లో ఇదీ ఉంది. 1981లో క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో ఆ పని చేసిన తొలి బ్యాంకుల్లో ఒకటి. ఎన్నో ఊళ్లలో 'ఆంధ్రాబ్యాంకు సెంటర్' అంటే ఆటో అతనికి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

న్యాయంగా చెప్పాల్సిన మాటలు రెండున్నాయి. పట్టాభే 1929లో బందరులో భారతలక్ష్మీ బ్యాంకును కూడా పెట్టారు. 1964లో అది ఆంధ్రాబ్యాంకులో కలిసిపోయింది, దాని పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. మనది అనుకున్న బ్యాంకు కూడా ఒకప్పుడు ఇంకో పేరును తనలో కలుపుకున్నదే. ఇక నిలిచిన పేరు కూడా తక్కువదేమీ కాదు. యూనియన్ బ్యాంకు 1919లో ముంబయిలో పుట్టింది, దాని ప్రధాన కార్యాలయాన్ని గాంధీజీ ప్రారంభించారు. ఆంధ్రాబ్యాంకు కంటే నాలుగేళ్లు పెద్దది.

పట్టిక ఏం చెప్పింది

2019 మార్చి నాటికి యూనియన్ బ్యాంకు వ్యాపారం 7,41,307 కోట్లు, ఆంధ్రాబ్యాంకుది 3,98,511 కోట్లు, కార్పొరేషన్ బ్యాంకుది 3,19,616 కోట్లు. వ్యాపారమంటే ఇక్కడ డిపాజిట్లు, ఇచ్చిన అప్పులు కలిపిన మొత్తం. ఆంధ్రాబ్యాంకులో డిపాజిట్లు 2,19,821 కోట్లు, అప్పులు 1,78,690 కోట్లు. శాఖలు వరసగా 4,292, 2,885, 2,432. కలిపితే 9,609. సిబ్బంది 37,262 మంది, 20,346 మంది, 17,776 మంది.

ఈ అంకెల్ని వాటాలుగా మార్చుకుంటే బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది. కొత్త బ్యాంకు వ్యాపారంలో ఆంధ్రాబ్యాంకు తెచ్చింది 27 శాతం. ఉద్యోగుల్లో 27 శాతం. శాఖల్లో 30 శాతం. కొత్త పేరులో ఆ బ్యాంకు వాటా సున్నా.

ఆరోగ్యం సంగతి చూద్దాం. ఆంధ్రాబ్యాంకు బాగా నలిగిపోయి ఉందన్నది నిజం. 2018-19లో 2,786 కోట్ల నష్టం చూపింది. ఇచ్చిన ప్రతి 100 రూపాయల అప్పులో 16 రూపాయలకు పైగా వసూలు కాకుండా నిలిచిపోయాయి. కేటాయింపులు పోగా మిగిలిన నికర మొండిబకాయిలు 5.73 శాతం. ఈ అంకె చిన్నదేమీ కాదు. కానీ అదే ఏడాది యూనియన్ బ్యాంకు నష్టం 2,947 కోట్లు, నికర మొండిబకాయిలు 6.85 శాతం. కార్పొరేషన్ బ్యాంకు నష్టం 6,333 కోట్లు. ముగ్గురూ మంచానపడ్డవాళ్లే. ఎవరి పేరు ఉంచాలన్నది ఆరోగ్యాన్ని బట్టి తేల్చలేదు, సైజును బట్టి తేల్చారు.

సైజే కొలమానమైతే సరే అనుకోవచ్చు. చిక్కంతా ఆ రోజు విలీనం నుంచి మినహాయించిన బ్యాంకుల దగ్గర వస్తుంది. ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు, యూకో బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ మహారాష్ట్ర, పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకు, ఈ నాలుగూ విడిగానే కొనసాగుతాయని అదే సమావేశంలో చెప్పారు. కారణం కూడా చెప్పారు: వాటికి బలమైన ప్రాంతీయ పునాది ఉంది. ఇప్పుడు వాటి వ్యాపారం చూడండి. ఓవర్సీస్ బ్యాంకు 3.75 లక్షల కోట్లు. యూకో 3.17 లక్షల కోట్లు. మహారాష్ట్ర 2.34 లక్షల కోట్లు. పంజాబ్ అండ్ సింధ్ 1.71 లక్షల కోట్లు. నాలుగింట్లో ఏదీ ఆంధ్రాబ్యాంకు కంటే పెద్దది కాదు. ఆఖరిది అందులో సగం కూడా లేదు.

మరి ప్రాంతీయ పునాది అంటారా, ఆంధ్రాబ్యాంకుకు అది లేదని ఎవరూ అనలేరు. శాఖల్లో అత్యధికం తెలుగు రాష్ట్రాల్లోనే ఉండేవి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీకి కన్వీనరు కూడా అప్పట్లో ఈ బ్యాంకే. ఏటా రాష్ట్రంలో పంట రుణాలు ఎన్ని కోట్లు, డ్వాక్రా సంఘాలకు ఎన్ని కోట్లు అన్న ప్రణాళిక ఆ కమిటీలోనే ఖరారవుతుంది. ఒక రాష్ట్రం పరపతి ప్రణాళికకు కుర్చీ వేసిన బ్యాంకుకు ప్రాంతీయ పునాది లేదంటే ఇంకెవరికి ఉన్నట్టు? ఈ ప్రశ్నకు ఆ పట్టికలో జవాబు లేదు. ఖాతాదారుల కోపంలో నాకు అన్నిటికంటే న్యాయంగా తోచిన భాగం ఇదే.

బ్యాంక్ ఆఫ్ మహారాష్ట్ర సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి. 2018-19లో దాని నష్టం 4,784 కోట్లు. వ్యాపారంలో ఆంధ్రాబ్యాంకు కంటే ఎంతో చిన్నదైన ఆ బ్యాంకు నష్టంలో మాత్రం చాలా పెద్దది. దాన్ని దేనిలోనూ కలపలేదు. 2023-24లో అదే బ్యాంకు 4,055 కోట్ల లాభం చూపించింది. పేరు ఉంచుకుని, ఊరు ఉంచుకుని, ఐదేళ్లలో కోలుకుంది.

అడగనక్కర్లేదన్న చట్టం

'ఇన్ని లక్షల మంది ఖాతాదారులున్నారు కదా, మమ్మల్ని ఎందుకు అడగలేదు?' అని ఆ రోజుల్లో చాలామంది అన్నారు. చట్టం ప్రకారం అడగనక్కర్లేదు. ఆంధ్రాబ్యాంకు 1980 నాటి బ్యాంకుల జాతీయకరణ చట్టం కింద ఉండేది. ఆ చట్టంలోని 9వ సెక్షన్ కింద కేంద్రం రిజర్వు బ్యాంకును సంప్రదించి విలీన పథకం తయారుచేయొచ్చు, దాన్ని పార్లమెంటు ముందు ఉంచాలి. 2020 మార్చి 4న పథకం ఖరారైంది. ఖాతాదారుకు ఓటు లేదు, అభిప్రాయ సేకరణ లేదు. బ్యాంకులో పెద్ద వాటా ప్రభుత్వానిదే కాబట్టి చిన్న వాటాదారు మాటకు బరువు లేదు.

ఆ చిన్న వాటాదారుకు దక్కింది ఎంత? ప్రతి 1,000 ఆంధ్రాబ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు. చేతిలో 100 షేర్లున్న రిటైర్డ్ ఉద్యోగికి 32 షేర్లు, మిగిలిన అర షేరుకు కొద్దిపాటి డబ్బు. ఎక్కువ లాభం కోసం కాక, మన బ్యాంకు కదా అని కొనిపెట్టుకున్నవాళ్లకు ఈ భాగహారం మింగుడుపడలేదు.

ఖాతాదారు చేతికి వచ్చిన పని

పేరు మారితే మీ డబ్బుకేమీ కాదని పదేపదే చెప్పారు. ఆ మాట నిజమే. డిపాజిట్లు భద్రంగా ఉన్నాయి, ఫిక్స్‌డ్ డిపాజిట్లకు గడువు దాకా ఒప్పుకున్న వడ్డీయే నడిచింది. కానీ పేరు గుమ్మం మీద బోర్డుతో ఆగదు. చెక్కును ఒకసారి దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

చెక్కు మీద ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో 11 గుర్తులుంటాయి. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, ఐదోది సున్నా, మిగతా ఆరు శాఖవి. ఆంధ్రాబ్యాంకుకు ఏఎన్‌డీబీ, యూనియన్ బ్యాంకుకు యూబీఐఎన్. చెక్కు కింద తెల్లపట్టీలో నల్ల అంకెల వరస ఉంటుంది. అందులో తొమ్మిదంకెల ఎంఐసీఆర్ కోడ్‌లో మొదటి మూడు ఊరివి, మధ్య మూడు బ్యాంకువి, చివరి మూడు శాఖవి. ఆ మధ్య మూడంకెల్లో ఆంధ్రాబ్యాంకు గుర్తు 011. యూనియన్ బ్యాంకుది 026. పేరు పోయిందంటే ఈ అక్షరాలూ అంకెలూ పోయాయి. పాత కోడ్లు, పాత చెక్కుబుక్కులు 2021 మార్చి 31 దాకా చెల్లాయి. ఆ తర్వాత చెల్లలేదు.

మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఈ మార్పుల కోసం పాత క్యాలెండరు వెనక ఒక జాబితా రాసుకున్నారు. పెన్షన్. గ్యాస్ సబ్సిడీ. ఎల్ఐసీ పాలసీ ప్రీమియం. ఆదాయపు పన్ను రీఫండు. మ్యూచువల్ ఫండు సిప్. కోడలి పీఎఫ్ ఖాతా. డల్లాస్‌లో ఉన్న కొడుకు నెలనెలా డబ్బు పంపే యాప్. ఇంట్లో అద్దెకున్న కుర్రాడి దగ్గర ఉన్న వివరాలు. ఒక్కొక్కటి పూర్తయ్యాక టిక్కు పెట్టుకునేవారు. ఒక్కోదానికి ఒక ఓటీపీ, ఒక ఫారం, ఒక రద్దు చేసిన చెక్కు. 'బ్యాంకు వాళ్లు మంచివాళ్లేనయ్యా, కానీ పనంతా మనదే' అన్నారు.

ఆ పనికి వెల కడదాం. ఒక్కో ఖాతాదారుకు సగటున రెండు గంటలు పట్టిందని అనుకుందాం. ఇది నా ఊహ. మాస్టారి జాబితా చూస్తే తక్కువ చేసి చెప్పినట్టే. లక్ష మందికి రెండు లక్షల గంటలు. రోజుకు ఎనిమిది గంటల పని చొప్పున 25,000 పనిదినాలు. 2,885 శాఖల బ్యాంకులో ఖాతాదారులు ఎన్ని లక్షలో మీరే అంచనా వేసుకోండి. విలీనంతో ఆదా అయ్యే ఖర్చు బ్యాంకు ఖాతాలో కనిపిస్తుంది. ఈ గంటలు ఎవరి పద్దులోనూ రాయరు.

డిపాజిట్ బీమా సంగతి ఎక్కువమంది గమనించలేదు. 2020 ఫిబ్రవరి 4న డిపాజిట్ బీమా పరిమితి లక్ష నుంచి 5 లక్షలకు పెరిగింది. అది ఒక్కో బ్యాంకుకు, ఒక్కో డిపాజిటరుకు లెక్క. ఆంధ్రాబ్యాంకులో 5 లక్షలు, యూనియన్ బ్యాంకులో 5 లక్షలు విడివిడిగా దాచుకున్న మనిషికి మార్చి 31న మొత్తం 10 లక్షలకూ బీమా ఉంది. మర్నాడు రెండూ ఒకటే బ్యాంకు. బీమా 5 లక్షలకే. ప్రభుత్వరంగ బ్యాంకు కాబట్టి భయపడాల్సిన పని లేదు, కానీ డబ్బును రెండుచోట్ల పెట్టుకోవడమే జాగ్రత్త అనుకున్న మనిషికి ఆ జాగ్రత్త తెల్లారేసరికి మాయమైంది.

హైదరాబాదు ముందే చూసింది

తెలంగాణలో ఈ బాధ మూడేళ్ల ముందే వచ్చింది. 1941 ఆగస్టు 8న నిజాం రాజ్యంలో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఏర్పడింది. ఆ రాజ్యపు ద్రవ్యమైన ఉస్మానియా సిక్కా వ్యవహారాలు చూసిన బ్యాంకు అది. తొలి శాఖ 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో తెరిచారు. 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది, 1959లో ఎస్‌బీఐకి అనుబంధ బ్యాంకు అయింది. 2017 ఏప్రిల్ 1న నాలుగు ఇతర అనుబంధ బ్యాంకులు, భారతీయ మహిళా బ్యాంకుతో పాటు ఎస్‌బీఐలో కలిసిపోయింది. జనం నోట మాత్రం ఇప్పటికీ 'ఎస్‌బీహెచ్' పోలేదు.

2017లో దేశంలో ప్రభుత్వరంగ బ్యాంకులు 27. ఆ ఏడాది ఆరు ఎస్‌బీఐలో కలిశాయి. 2019 జనవరిలో ఐడీబీఐ ఎల్ఐసీ చేతికి వెళ్లి ప్రైవేటు జాబితాలో చేరింది. ఏప్రిల్‌లో విజయా, దేనా బ్యాంకులు బరోడాలో కలిశాయి. 2020 ఏప్రిల్‌లో ఆరు పేర్లు ఒకేసారి పోయాయి: ఆంధ్రా, కార్పొరేషన్, సిండికేట్, ఓరియంటల్, యునైటెడ్, 1865 నాటి అలహాబాద్ బ్యాంకు. మిగిలినవి 12. ప్రతి పేరు వెనుకా ఒక ఊరుంది. ఉడుపి, మంగళూరు జనం మనకంటే ఎక్కువే పోగొట్టుకున్నారు.

తర్వాత ఏమైంది

విలీనాన్ని సమర్థించేవారికి మంచి అంకెలే ఉన్నాయి. యూనియన్ బ్యాంకు 2020-21లో 2,906 కోట్లు, 2022-23లో 8,433 కోట్లు, 2023-24లో 13,648 కోట్ల లాభం చూపింది. నికర మొండిబకాయిలు 2024 మార్చికి 1.03 శాతానికి దిగాయి. 2020 డిసెంబరు కల్లా ఆంధ్రాబ్యాంకు శాఖలన్నీ ఒకే కంప్యూటర్ వ్యవస్థలోకి వచ్చాయి. కరోనా మధ్యలో ఆ పని చేసిన సిబ్బందిని మెచ్చుకోవాల్సిందే.

అయితే ఈ లాభాలకు కారణం విలీనమేనా? అదే కాలంలో 12 ప్రభుత్వ బ్యాంకులూ లాభాల్లోకి వచ్చాయి. అన్నీ కలిపి 2022-23లో లక్ష కోట్లు దాటాయి. దేనిలోనూ కలవని మహారాష్ట్ర, యూకో, ఓవర్సీస్ బ్యాంకులూ కోలుకున్నాయి. మొండిబకాయిల ప్రక్షాళన, ప్రభుత్వం పోసిన మూలధనం అందరికీ పనిచేశాయి. కాబట్టి లాభం చూపించి పేరు పోవడాన్ని సమర్థించడం నాకు సరైన వాదన అనిపించదు. ఇంకో అంకె కూడా పక్కన పెట్టుకోవాలి. కలిసిన రోజు అంచనా 9,609 శాఖలు. 2023 నాటికి 8,500 పైచిలుకు. ఒకే వీధిలో రెండు శాఖలుంటే ఒకటి చాలన్నది సబబే. మూతపడ్డ శాఖకు నడిచి వెళ్లే పెద్దమనిషికి ఆ సబబు అదనపు ఆటో చార్జీ.

ఖాతాదారులు పేరు అంటున్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది బోర్డు ఒక్కటే కాదని నా నమ్మకం. సైఫాబాదులోని ఆంధ్రాబ్యాంకు ప్రధాన కార్యాలయం పట్టాభి భవన్‌లో తేలే విషయాలు ముంబయికి వెళ్లిపోతాయన్నది అసలు దిగులు. బ్యాంకు పెద్దలు తెలుగు ఊళ్ల పంటల కాలం తెలిసినవాళ్లుగా ఉంటారా అన్నది అసలు ప్రశ్న. రాష్ట్ర బ్యాంకర్ల కమిటీ కన్వీనరు బాధ్యత ఇప్పుడు యూనియన్ బ్యాంకుది. కుర్చీ అక్కడే ఉంది, కూర్చునేవాళ్ల ప్రధాన కార్యాలయం మారింది.

పేరు ఉంచడం సాధ్యం కాని పనేమీ కాదు. బ్రిటన్‌లో 1853లో యార్క్‌షైర్‌లో పుట్టిన హాలిఫాక్స్, 1695 నాటి బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ 2009లో లాయిడ్స్ గ్రూపు చేతికి వెళ్లాయి. ఆ తర్వాత పదిహేనేళ్లకు పైగా వాటి పేర్లతోనే శాఖలు నడిచాయి. మూలధనం, కంప్యూటర్లు, అజమాయిషీ ఒక్కచోట, గుమ్మం మీద పాత పేరు. ఇందులో లాభమూ ఉంది, అదనపు ఖర్చూ ఉంది. ఆ ఖర్చు ఎంతో ఇక్కడ లెక్కవేసి ప్రజల ముందు పెట్టి, భరించలేం అని ఉంటే ఖాతాదారులు వాదించేవారు, లేదా ఒప్పుకునేవారు. అంత గౌరవం కూడా వాళ్లకు దక్కలేదు. మళ్లీ ఎప్పుడు బ్యాంకులు కలిపినా పట్టికలో రెండు వరుసలు అదనంగా అడగాలి: పేరు ఉంచితే అయ్యే ఖర్చు, పేరు తీసేస్తే ఖాతాదారులకు పడే పని.

ఈలోగా ఇంట్లో ఆంధ్రాబ్యాంకు కాగితాలున్నవాళ్లు చేయాల్సిన పనులున్నాయి. నాన్నగారి బీరువాలో పాత పాస్‌బుక్కో, ఎఫ్‌డీ రసీదో దొరికితే పారేయకండి. పదేళ్లు కదలిక లేని ఖాతాల సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది కానీ, దాని మీద మీ హక్కు పోదు. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో తెచ్చిన ఉద్గమ్ పోర్టల్‌లో ఖాతాదారు పేరుతో వెతకొచ్చు. బ్యాంకు పేరు అడిగేచోట యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అని ఎంచుకోవాలి. వివరం దొరికాక డబ్బు ఇచ్చేది పోర్టల్ కాదు, బ్యాంకు శాఖే. ఖాతాదారు లేకపోతే మరణ ధ్రువపత్రం, వారసుల గుర్తింపు పత్రాలు పట్టుకుని వెళ్లండి. పాత శాఖ మూతపడి ఉంటే దాని ఖాతాలు ఏ శాఖకు మారాయో దగ్గర్లోని యూనియన్ బ్యాంకులో అడిగితే చెబుతారు. షేర్ల సంగతి వేరు. డివిడెండు ఏడేళ్లపాటు వరసగా తీసుకోని షేర్లు ఇన్వెస్టర్ల రక్షణ నిధికి బదిలీ అవుతాయి కాబట్టి, పాత ఆంధ్రాబ్యాంకు షేరు పత్రాలున్నవాళ్లు ముందుగా యూనియన్ బ్యాంకు షేర్ల రిజిస్ట్రారుకు రాయడం మంచిది.